బటన్ బ్యాడ్జిల సైడ్ బిజినెస్: ఏ సైజు, ఏ మెషీన్, ఎవరికి అమ్మాలి?

"అక్కా, బ్యాడ్జి మెషీన్ కొందామనుకుంటున్నా. ఏది మంచిది?" అని నెలకు ఒకరిద్దరైనా మెసేజ్ పెడుతుంటారు. కింద నాలుగు లింకులు కూడా పంపుతారు. నేను వాటిని తెరవకుండానే ఎదురు ప్రశ్న వేస్తాను: "మొదటి యాభై బ్యాడ్జిలు ఎవరు కొంటారు?"

ఆ జవాబు దొరికితే సైజు తేలిపోతుంది. సైజు తేలితే మెషీన్ తేలుతుంది. ముందు మెషీన్ కొని తర్వాత కొనేవాళ్ల కోసం వెతికిన వాళ్ల మెషీన్లు ఇప్పుడు మంచం కింద ఉన్నాయి. అలాంటివి రెండు నాకు తెలుసు. అందులో ఒకటి సగం ధరకు నేనే కొన్నాను.

నేను ఉండేది విజయవాడలో. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో ఈ పని చేస్తాను. కింద రాసిన ధరలన్నీ నేను కొన్న, అమ్మిన ధరలు. మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

బటన్ బ్యాడ్జి అంటే గుండ్రటి రేకు, దాని మీద ప్రింటు కాగితం, ఆ పైన పలుచటి ప్లాస్టిక్ ఫిల్మ్, వెనక పిన్ను. ఇంతే సరంజామా. అమెరికాలోని న్యూఆర్క్‌కు చెందిన వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లో దీనికి పేటెంట్ తీసుకుంది. ఆ ఏడాదే మెకిన్లీ, బ్రయాన్ పోటీ పడిన అధ్యక్ష ఎన్నికల్లో ఈ బ్యాడ్జిలు ఊళ్లకు ఊళ్లు తిరిగాయి. అప్పుడు పైన సెల్యులాయిడ్ వాడేవారు, ఇప్పుడు పాలిస్టర్ ఫిల్మ్. మిగతా అమరిక దాదాపు మారలేదు. స్కూలు పిల్లల చొక్కాల మీద కనిపించే ఇత్తడి, ఎనామెల్ బ్యాడ్జిలది వేరే దారి. వాటికి అచ్చు పోయించాలి, వంద ముక్కలకు తక్కువైతే చాలామంది చేయరు. ఒక్కటంటే ఒక్కటి కూడా చేసి ఇవ్వగలగడమే మన బ్యాడ్జికి ఉన్న బలం.

అసలు మెషీన్ కొనాలా?

నా మొదటి ఆర్డరు మా పిన్నిగారబ్బాయి వాళ్ల టెన్త్ బ్యాచ్ కలయికకు. అరవై బ్యాడ్జిలు. నా దగ్గర అప్పటికి మెషీన్ లేదు. డిజైన్ నేను చేసి, ఈ పని చేసే ఒకాయన దగ్గర ముక్కకు 12 రూపాయలకు చేయించి, 20కి ఇచ్చాను. 480 రూపాయలు మిగిలింది. పెట్టుబడి సున్నా.

సొంత మెషీన్ అయితే ఇదే 58 మిల్లీమీటర్ల బ్యాడ్జికి రేకు, ఫిల్మ్, పిన్ను కలిపి సెట్టు నాలుగున్నర రూపాయలు. ప్రింటు రూపాయి పావలా. వందకు నాలుగైదు పాడవుతాయి, ఆ నష్టం, చిన్న కవరు ఖర్చు కలిపినా ఏడు రూపాయలు దాటదు. 20కి అమ్మితే 13 మిగులు. మెషీన్‌కు 7,200, గుండ్రంగా కోసే పంచ్‌కు 2,300, మొత్తం 9,500 పెట్టాను. 9,500ను 13తో భాగిస్తే సుమారు 730 బ్యాడ్జిలకు పెట్టుబడి తిరిగొస్తుంది. మెషీన్ అమ్మేవాళ్లు చెప్పేది ఈ లెక్కే.

ఈ లెక్కలో ఒక కిటుకు ఉంది. మెషీన్ లేకపోయినా బయట చేయిస్తే 8 రూపాయలు ఎలాగూ మిగులుతున్నాయి కదా! అంటే మెషీన్ కొన్నందుకు అదనంగా వచ్చేది బ్యాడ్జికి 5 రూపాయలే. ఆ లెక్కన పెట్టుబడి తిరిగి రావాలంటే 1,900 బ్యాడ్జిలు చేయాలి. నెలకు వంద చేసేవాళ్లకు ఏడాదిన్నర పైనే. పైగా ఆ అదనపు ఐదు రూపాయలకు మీ చేతి కష్టం కూడా తోడవుతోంది.

మరి నేనెందుకు కొన్నాను? రెండు కారణాలు. బయట చేసే ఆయనకు ఆగస్టు 15 ముందు, ఎన్నికల ముందు చేతినిండా పని. మన అరవై ముక్కలు వెనక్కి పోతాయి. రెండోది, పేర్లు మారే ఆర్డర్లు. అరవై మందికి అరవై పేర్లు వేయాలంటే ఆయన ముఖం చిట్లించేవాడు. ఆ పనికే జనం 30 రూపాయలు ఇస్తారని తర్వాత తెలిసింది. ఫంక్షన్ ముందు రోజు రాత్రి ఫోన్ చేసి "ఇంకో ఆరుగురు పెరిగారమ్మా" అంటే పది నిమిషాల్లో చేసి ఇవ్వగలగాలి. సొంత మెషీన్‌తో వచ్చే అసలు లాభం అక్కడే.

అందుకే నా సలహా: మొదటి రెండు మూడు ఆర్డర్లు బయటే చేయించండి. అందులో పేర్ల ఆర్డరు, అర్జంటు ఆర్డరు ఒక్కటైనా వస్తే మెషీన్ కొనండి. రాకపోతే డిజైన్ చేసి బయట చేయించడమే మీకు మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

సైజు: 58 దగ్గర మొదలుపెట్టండి, 44 గురించి ఆలోచించండి

మార్కెట్లో ఎక్కువగా దొరికేవి 25, 32, 44, 58, 75 మిల్లీమీటర్ల సైజులు. 25 అంటే పాత రూపాయి బిళ్లంత. 75 అంటే అరచేతిలో సగం.

75ను పక్కన పెట్టేయవచ్చు. "పుట్టినరోజు బాబు" అని ఒకరికి పెట్టడానికి బాగుంటుంది, యాభై మంది పెట్టుకోరు. 25 ముచ్చటగా ఉంటుంది. కాలేజీ పిల్లలు బ్యాగు పట్టీకి వరసగా ఐదారు పెట్టుకుంటారు. అయితే మెటీరియల్ ఖర్చు 58 కంటే మరీ తక్కువేం కాదు, అమ్మే ధర మాత్రం సగానికి పడిపోతుంది. బొమ్మలు గీయడం వచ్చి, సెట్లుగా అమ్మగలిగితేనే అది లాభం. 32 గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అసలు పోటీ 44కీ 58కీ మధ్య.

58 దూరం నుంచి కనిపిస్తుంది. ఫొటో పడుతుంది, పేరు పడుతుంది, కింద ఊరు, సంవత్సరం కూడా పడతాయి. ఉత్సవ కమిటీ వాలంటీర్లకు, స్కూలు పిల్లలకు, పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు ఇదే కావాలి. కాకపోతే బరువు. పలుచటి పట్టు మీద, వాయిల్ చీర మీద పెడితే గుడ్డ ముందుకు వంగిపోతుంది. పైగా పెద్దవాళ్లు ఆ రోజు ఫంక్షన్‌లో పెట్టుకుంటారు, మర్నాడు తీసేస్తారు.

44ను మాత్రం మర్నాడు కూడా పెట్టుకుంటారు. ఆఫీసు బ్యాగు మీద, కుర్తా మీద, ఐడీ కార్డు తాడు మీద నెలల తరబడి ఉంటుంది. స్టాల్‌లో సొంత డిజైన్లు అమ్మాలనుకుంటే 44. ఇంకొకరి కార్యక్రమానికి ఆర్డరు మీద చేయాలనుకుంటే 58. నాకు డబ్బు తెచ్చేది ఆర్డర్లే కాబట్టి 58తో మొదలుపెట్టమంటాను. మీకు బొమ్మలు గీయడం వస్తే నా మాట వినకండి.

కాగితం లెక్క కూడా ఒకసారి చూడండి. 58 బ్యాడ్జికి కోయాల్సిన కాగితం దాదాపు 70 మిల్లీమీటర్లు, ఎందుకంటే అంచు వెనక్కి మడత పడాలి. ఏ4 వెడల్పు 210. మూడు డెబ్బైలు సరిగ్గా 210 కాబట్టి మూడు పడతాయనిపిస్తుంది. పడవు. ప్రింటరు చుట్టూ కాస్త ఖాళీ వదులుతుంది. అందుకే వరసగా పేరిస్తే రెండు చొప్పున నాలుగు వరసలు, ఎనిమిదే వస్తాయి. తేనెపట్టులా ఒకదాని సందులోకి ఒకటి జరిపి పేరిస్తే పదకొండు పడతాయి, కానీ అలా పేర్చినవి కోయడం తలనొప్పి. డిజిటల్ ప్రెస్‌లో వాడే 12×18 అంగుళాల షీటు మీద అయితే నాలుగు చొప్పున ఆరు వరసలు, 24 హాయిగా కూర్చుంటాయి. 44 బ్యాడ్జికి కాగితం 54 వరకు కావాలి. అవి ఏ4లో 15, పెద్ద షీటులో 40.

తెలుగు అక్షరం గుండ్రంగా తిరిగితే

ఇది ఏ మెషీన్ పుస్తకంలోనూ ఉండదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఇంగ్లిష్ అక్షరాలను బ్యాడ్జి అంచు వెంట గుండ్రంగా తిప్పితే అందంగా ఉంటుంది. అదే పని తెలుగుతో చేశాను, నా మొదటి ఆర్డరులోనే. పైన "పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం", కింద స్కూలు పేరు. కంప్యూటర్‌లో బాగానే కనిపించింది. చేతికొచ్చాక చూస్తే పైన వత్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ర్వ, ద్యా, ర్థు, త్మీ, మ్మే. ఆ ఒక్క వాక్యంలోనే ఐదు వత్తులు. పై అంచు వెంట రాసినప్పుడు అక్షరం తల బయటికి, వత్తు లోపలికి ఉంటుంది. లోపలికి పోయే కొద్దీ చోటు ఇరుకవుతుంది, అందుకే అక్కడ కిక్కిరిసిపోతాయి. కింది అంచున ఉల్టా. అక్కడ వత్తు బయటివైపు ఉంటుంది, మెషీన్ నొక్కినప్పుడు అంచుతో పాటు వెనక్కి మడత పడిపోతుంది. నా కింది వరసలో "ప్రభుత్వ ఉన్నత పాఠశాల"లోని "త్వ" కాస్తా "త" అయి కూర్చుంది. ఆ కలయికకు తెలుగు మాస్టారు కూడా వచ్చారట. ఆయన ఏమన్నారో మా తమ్ముడు ఇప్పటికీ చెప్పడు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. తెలుగు మాటలు అడ్డంగా, మధ్యలో, రెండు వరసలకు మించకుండా. అంచు వెంట తిప్పాలనే పట్టుదల ఉంటే వత్తులు లేని మాటలు చూసుకుని పై అంచుకే. కింది అంచుకు అంకెలు: 1998-99 లాంటివి. 58 బ్యాడ్జిలో చదవాల్సిందంతా మధ్య 50 మిల్లీమీటర్లలోనే ఉండాలి.

ఫాంట్లలో రామభద్ర లావుగా, దూరానికి కూడా కనిపిస్తుంది. చిన్న అక్షరాలకు మండలి నయం. ఇవి, ఇంకా ఎన్టీఆర్, గిడుగు, రవిప్రకాష్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. అమ్మకానికి చేసే వస్తువుల మీద వాడినా ఇబ్బంది లేదు. డీటీపీ షాపులో "అను" ఫాంట్లతో చేయిస్తే ఫైలును కర్వ్స్‌లోకి (అంటే అక్షరాలను బొమ్మలుగా) మార్చి తీసుకోండి, లేదంటే ఇంకో కంప్యూటర్‌లో తెరవగానే అర్థం కాని గుర్తులు వస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే "క్ష" రెండు ముక్కలుగా విడిపోతుంటే, ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజన్‌ను సౌత్ ఏషియన్ అని ఉన్నదానికి మార్చి ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరవాలి. ఇది తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఒకే సైజు మెషీనా, డైలు మార్చేదా?

డైలు, అంటే బ్యాడ్జిని నొక్కే అచ్చులు, మార్చుకునే మెషీన్‌ను అందరూ ముందు ఇష్టపడతారు. ఒక్క మెషీన్, నాలుగు సైజులు! కానీ ఒక్కో సైజుకు డై వేరుగా కొనాలి, పంచ్ వేరుగా కొనాలి, మెటీరియల్ వేరుగా నిల్వ పెట్టాలి. మొత్తం చూస్తే రెండు సైజులకే ఒకే సైజు మెషీన్లు రెండు కొన్నంత అవుతుంది. డై సరిగ్గా కూర్చోకపోతే అంచు ఒకవైపు ముడత పడుతుంది. మూడు సైజులకు నిజంగా గిరాకీ వచ్చాక కొనాల్సినది ఇది.

ఒకే సైజుకు బిగించిన మెషీన్‌లో సర్దుబాటు ఏమీ ఉండదు. నొక్కడం, తిప్పడం, మళ్లీ నొక్కడం. రెండో సైజు కావాలంటే రెండో మెషీన్. ఒకటి పాడైనా ఇంకోటి నడుస్తుంది. నా ఓటు దీనికే.

చేత్తో నొక్కే ప్లాస్టిక్ అచ్చులు వెయ్యి రూపాయల లోపు దొరుకుతాయి. పిల్లల సెలవుల కాలక్షేపానికి సరే. ఇరవై చేసేసరికి అరచేయి కందిపోతుంది, నొక్కుడు సమంగా పడదు.

కొనే ముందు హ్యాండిల్ పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. వదులుగా ఆడితే వద్దు. అంతకంటే ముఖ్యం, ఆ మెషీన్‌కు సరిపోయే మెటీరియల్ ఎవరి దగ్గర దొరుకుతుందో అడగండి. పేరుకు అన్నీ 58లే. ఒక కంపెనీ రేకు ఇంకో కంపెనీ డైలో అర మిల్లీమీటరు తేడాతో పట్టకపోవచ్చు. చవగ్గా వచ్చాయని వేరే చోట 500 సెట్లు తెప్పించాను ఒకసారి. మూడింట ఒకటి నొక్కిన తర్వాత గోరు పెడితే ఊడి వచ్చేది. ఇప్పుడు కొత్త చోట ముందు ఇరవై సెట్లు శాంపిల్ అడిగి, నొక్కి చూశాకే పెద్ద ఆర్డరు పెడతాను.

పని తీరు దగ్గరగా చూపిస్తాను. మొదటి గిన్నెలో రేకు ఉబ్బెత్తు వైపు పైకి పెట్టాలి. దాని మీద కాగితం, బొమ్మ పైకి. దాని మీద ఫిల్మ్. నొక్కితే ఈ మూడూ పై డై పట్టుకుని ఎత్తుకుపోతుంది. కింద గిన్నె ఖాళీ అయిందా లేదా చూసుకోవాలి. రెండో గిన్నెలో వెనక పళ్లెం, పిన్ను కిందివైపు ఉండేలా. మళ్లీ నొక్కితే చిన్న "టక్" మని వినిపిస్తుంది. ఆ శబ్దం రాకపోతే అంచు మూసుకోలేదని అర్థం.

రెండు చోట్ల చేయి తప్పుతుంది. రేకులు పలుచన కాబట్టి రెండు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని వస్తాయి. అలాగే పెట్టి నొక్కితే మెషీన్ బిగుసుకుపోతుంది, స్క్రూడ్రైవరుతో పీకాల్సిందే. ఫిల్మ్ కూడా అంతే, వేలితో రుద్ది ఒక్కటే ఉందని చూసుకోవాలి. రెండోది పిన్ను దిశ. రెండు గిన్నెల మీదా మార్కర్ పెన్నుతో "పైన" అని గీత పెట్టుకోండి. నేను పెట్టుకోకముందు ఒక మొదటి పుట్టినరోజు ఆర్డరులో నలభై బ్యాడ్జిల మీద బాబు తల పక్కకు వాలి ఉన్నాడు. పిన్ను అడ్డంగా పెడితే బాబు నిలువుగా ఉండడు, బాబును నిలబెడితే పిన్ను నిలువు. నలభై మళ్లీ చేసి ఇచ్చాను.

ప్రింటు ఇంట్లోనా, ప్రెస్‌లోనా?

ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఇప్పటికే ఉంటే పదీ ఇరవైకి అదే వాడండి. బ్యాడ్జిల కోసమే కొత్తగా కొనకండి. మామూలు ఇంకు ఎండకు త్వరగా వెలుస్తుంది, చెమట తడి అంచు లోంచి పాకితే మరక అవుతుంది. గవర్నర్‌పేటలో నేను వెళ్లే డిజిటల్ ప్రెస్‌లో 12×18 షీటుకు 30 రూపాయలు తీసుకుంటారు. 24 బ్యాడ్జిలకు పంచితే రూపాయి పావలా. ఇంటి ప్రింటుకు కూడా దాదాపు అంతే అవుతుంది, రంగు మాత్రం ప్రెస్ ప్రింటులోనే నిలుస్తుంది.

ప్రెస్‌లో "మంచి కాగితం వేయండి" అంటే 300 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) కార్డు వేసి ఇస్తారు. విజిటింగ్ కార్డుకు అది మంచిదే, బ్యాడ్జికి పనికిరాదు. మడత తిరగదు, అంచు దగ్గర రంగు పగులుతుంది. 100 నుంచి 130 జీఎస్ఎం చాలు. లామినేషన్ వద్దని గట్టిగా చెప్పండి, పైన ఫిల్మ్ ఎలాగూ వస్తుంది. వానాకాలంలో కోసిన కాగితాలను రాత్రంతా బయట వదిలేస్తే తేమకు వంకర పోతాయి. కోసిన రోజే నొక్కేయండి, లేదా డబ్బాలో మూత పెట్టండి.

కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ఫొటో మసగ్గా వస్తే తప్పు ప్రెస్‌ది కాదు. "ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి" అని మొదటి మెసేజ్‌లోనే చెప్పేయండి.

పిన్నా, అయస్కాంతమా?

పిన్ను చవక, పట్టు గట్టి. ఖద్దరు చొక్కా, స్కూలు యూనిఫాం, బ్యాగు, వేటికైనా అదే. కానీ పట్టుచీరకు పిన్ను గుచ్చమంటే ఏ ఆడవాళ్లూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పెళ్లిలో "పెళ్లికూతురు తరఫు", "పెళ్లికొడుకు తరఫు" అని బ్యాడ్జిలు అడిగినప్పుడు సగం అయస్కాంతం వెనకవి తీసుకోమని నేనే చెబుతాను. ఒక్కోటి పన్నెండు రూపాయలు ఎక్కువ పడుతుందన్నా సరే అంటారు. దళసరి జరీ మీద, నాలుగు మడతల మీద మాత్రం అయస్కాంతం జారుతుంది.

చిన్నపిల్లలకు అయస్కాంతం వద్దు. ఊడిన ముక్కలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల ఛాతీ మీదా పెట్టకూడదు. అరవై దాటినవాళ్ల సమ్మేళనానికి ఆర్డరు వస్తే నేను పిన్నే ఇస్తాను, ఎవరికి ఏముందో అడగలేం కదా. విశాఖ, కాకినాడ వైపు పంపేవాటికి పిన్ను తుప్పు పట్టే బాధ ఉంది. అందుకే నెలల ముందే చేసి ఉంచను.

ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం వేరు. అదే 58, వెనక పళ్లెం మారుతుందంతే. గృహప్రవేశాలకు, బారసాలలకు రిటర్న్ గిఫ్ట్‌గా 35 రూపాయలకు పోతున్నాయి. బ్యాడ్జి మూలపడుతుంది, ఫ్రిజ్ మీది బొమ్మను రోజూ చూస్తారు. మెషీన్ కొన్నవాళ్లు ఈ వెనక పళ్లేలు ఒక వంద తెచ్చిపెట్టుకోవడం మంచిది.

ఎవరికి అమ్మాలి?

ఆర్డర్లకే నా మొగ్గు అని ముందే చెప్పాను. వంద బ్యాడ్జిలు కోసి నొక్కడానికి నాకు రెండు గంటలు చాలు. అంతకంటే ఎక్కువ సమయం వాట్సాప్‌లో పోతుంది. "రంగు కాస్త మార్చండి", "మా సార్ ఫొటో పెద్దది చేయండి", "పేరులో దీర్ఘం పోయింది". అందుకే డిజైన్‌కు 300 విడిగా తీసుకుంటాను, రెండు మార్పుల వరకు. సగం అడ్వాన్స్ రాకుండా ప్రింటుకు పంపను. పేర్ల జాబితా వాళ్లతోనే టైపు చేయించి తీసుకుంటాను. చేతిరాత ఫొటో చూసి నేను టైపు చేస్తే తప్పు నాదవుతుంది. రాజకీయ పార్టీల ఆర్డరైతే మొత్తం డబ్బు ముందే. ఫలితాలొచ్చాక ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.

స్టాల్ సరదాగా ఉంటుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్. ఇలాంటి చోట ఒక్క బ్యాడ్జిల కోసం స్టాల్ అద్దె కట్టడం దండగ. బుక్‌మార్కులో, అల్లికలో అమ్మే స్నేహితుల బల్ల మీద ఒక మూల అడగండి. ఒకటి 40, మూడు 100. ఇంగ్లిష్ కొటేషన్లు వేసుకెళ్లిన మొదటిసారి పెద్దగా కదల్లేదు. రెండోసారి "మాది గుంటూరు", "మాది తెనాలి", "ఆకలేస్తోంది", "ముందు కాఫీ" వేసుకెళ్లాను. సాయంత్రానికి తెనాలి అయిపోయింది. ఊరి పేరు కనిపిస్తే జనం ఆగుతారు, లేకపోతే "మా ఊరిది లేదా?" అని పోట్లాడతారు. అలా అడిగినవాళ్ల నంబర్లు రాసుకుంటే అవే తర్వాతి ఆర్డర్లు. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కూతురు వాళ్ల తెలుగు సంఘం పిక్నిక్‌కు కూడా ఊళ్ల పేర్లే చేయించుకుంది. ఎనభై బ్యాడ్జిలు సూట్‌కేసులో ఒక మూలకు పట్టాయి.

గిఫ్ట్ షాపులో పెడితే ధరలో మూడో వంతు పైనే వాళ్లకు పోతుంది, డబ్బు అమ్మిన తర్వాతే. నేను ఒక్కసారి పెట్టి మానేశాను.

ఆన్‌లైన్‌లో ఒక్క బ్యాడ్జి అమ్మడం కుదరదు. 40 రూపాయల వస్తువుకు 50 రూపాయల కొరియర్. ఐదింటి సెట్టు అయితే గిట్టుబాటు. ఇన్‌స్టాగ్రామ్‌లో మన నొక్కుడు వీడియోలు పెడితే చాలు, ఆర్డర్లు ఫోన్‌కు వస్తాయి. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో పెట్టాలంటే జీఎస్టీ సంగతి తెలుసుకోండి. సరుకు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మనం ఆ దరిదాపుల్లో ఉండం. 2023 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందార్లు కూడా ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని సొంత రాష్ట్రంలో ఆ సైట్ల ద్వారా అమ్ముకోవచ్చు. పక్క రాష్ట్రానికి పంపాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. విజయవాడ నుంచి ఖమ్మం పక్కనే ఉన్నా అది పక్క రాష్ట్రమే మరి.

ఎంత డబ్బిస్తామన్నా నేను వేయనివి

హీరోల ఫొటోలు. అభిమాన సంఘాలు అడుగుతాయి, ఊరంతా అమ్ముతోంది కూడా. కానీ అనుమతి లేకుండా తమ పేరు, ముఖం వాడుకోవద్దని అనిల్ కపూర్ 2023లో, నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆన్‌లైన్‌లో పెట్టి దొరికిపోయేది మనలాంటి చిన్నవాళ్లమే. కార్టూన్ బొమ్మలదీ అదే కథ. బర్త్‌డే ఆర్డర్లలో పిల్లలు ఫలానా ఎలుక కావాలని ఏడుస్తారు, నేను ఏనుగు గీసి ఇస్తాను.

కవుల మాటలకు ఒక లెక్క ఉంది. మన దేశంలో కాపీరైటు రచయిత చనిపోయాక 60 ఏళ్లు నడుస్తుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన మాటలు ఎవరైనా వేసుకోవచ్చు. వేమన సంగతి చెప్పక్కర్లేదు. శ్రీశ్రీ పోయింది 1983లో, అంటే 2043 చివరి దాకా అడిగి వాడాలి. పుస్తకాల పండుగలో అందరూ అడిగేది శ్రీశ్రీనే, అదే చిక్కు.

ఆగస్టు 15కు స్కూళ్లు జెండా బ్యాడ్జిలు అడుగుతాయి. జెండా బొమ్మ మీద స్కూలు పేరు వేయమంటారు. ఫ్లాగ్ కోడ్ ప్రకారం జెండా మీద ఏ అక్షరాలూ ఉండకూడదు. మూడు సింహాల చిహ్నం వాడకానికి 2005 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. నేను తెల్లటి నేల మీద స్కూలు పేరు వేసి, చుట్టూ కాషాయం, ఆకుపచ్చ పూల దండ తిప్పి ఇస్తాను. మొన్న ఒక హెడ్మిస్ట్రెస్ గారు అది చూసి, "జెండా ఎక్కడమ్మా?" అన్నారు. కారణం చెప్పాను. ఒక నిమిషం ఆలోచించి, "సరే, దండలో బంతిపూలు బాగున్నాయి, 240 చేయి" అన్నారు.